తేలిక లోడుకి 16 పౌండ్ల స్ప్రింగు ఎందుకు బరువవుతుంది?

బాబూ, నువ్వడిగింది నాకు ఎలా అర్థమైందో ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దు. మీది రాజాం, ఉంటున్నది హ్యూస్టన్ పక్కన. గ్రీన్‌కార్డు వచ్చాక 5 అంగుళాల బారెల్ ఉన్న 1911 పిస్టల్ కొన్నావు, .45 ఏసీపీ అనే రకం తూటా పేల్చేది. కొట్లో అమ్మే 230 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్టుని, మందుని తూచే చిన్న తూకం) తూటాలతో అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఇప్పుడు ఇంట్లో తూటాలు కట్టే ప్రెస్ పెట్టుకుని 200 గ్రెయిన్ల సీసం బుల్లెట్టుతో, తుపాకి మందు తగ్గించి తేలిక తూటాలు సొంతంగా కడుతున్నావు, వీటినే తేలిక లోడు అంటాం. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో సగటున సెకనుకి 690 అడుగులు వస్తోంది. ప్రతి మ్యాగజైన్‌లో ఒకటో రెండో ఖాళీ ఖోకాలు, అంటే పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు, స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) నోట్లో పొగగొట్టంలా నిలబడిపోతున్నాయి. ఆఖరి తూటా తర్వాత స్లైడ్ వెనక నిలవడం లేదు. నీ దగ్గర స్లైడ్‌ని ముందుకి తోసే రికాయిల్ స్ప్రింగుల సెట్టు ఉంది, 8 నుంచి 18 పౌండ్ల దాకా. అందులో ఏది వెయ్యాలని నీ ప్రశ్న. ఉన్న స్ప్రింగునే రెండు చుట్లు కత్తిరించెయ్యమని నీ స్నేహితుడి సలహా.

తొందరలో ఉంటే ఇది చాలు. ఇప్పుడున్న 16 తీసి 14 వెయ్యి. సరిపోకపోతే 12. నీ అంకెలు చూస్తే 12 దగ్గర ఆగుతావని నా అంచనా. 10 కిందకి దిగకు. ఆ కటింగ్ ప్లయర్ మాత్రం మీ స్నేహితుడి చేతికి అందకుండా దాచెయ్యి. ఎందుకో తెలుసుకునే తీరిక ఉంటే ఇక చదువు, ఇది కాస్త పొడుగే.

నేను సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా చేశాను, ట్రైనింగ్ సికింద్రాబాద్‌లో. ఇప్పుడు విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఇంటి పట్టునే ఉంటున్నాను. సర్వీసులో నా చేతుల మీదుగా ఎక్కువగా పోయిన పిస్టల్ ఇషాపూర్‌లో చేసిన 9 ఎంఎం 1ఎ. అది బ్రౌనింగ్ హై పవర్ కుదురుకి చెందింది. నీ 1911కి వరసకి తమ్ముడనుకో. రెండింటి వెనకా ఉన్నది జాన్ బ్రౌనింగ్ బుర్రే. ఆయన 1926లో పోతే హై పవర్‌ని సేవ్ అనే బెల్జియం ఆయన పూర్తి చేశాడు. కానీ తేలిక లోడు సంగతి నాకు సైన్యంలో అబ్బింది కాదు. అక్కడ తూటా ఒకటే రకం, స్ప్రింగు ఒకటే రకం. స్ప్రింగు పొట్టిదైపోతే పారేసి కొత్తది వేస్తాం, అంతే. ఏ స్ప్రింగు వెయ్యాలన్న ప్రశ్నే పుట్టదు.

ఆ ప్రశ్న నాకు ఎదురైంది టెక్సస్‌లో, మా పెద్దమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు. మా అల్లుడిదీ నీలాంటి పిచ్చే. గ్యారేజీలో ప్రెస్సు, డబ్బాల నిండా సీసం బుల్లెట్లు. ఆదివారం రేంజికి తీసుకెళ్ళాడు. నాది విజిటర్ వీసా. ఆ వీసా మీద ఉన్నవాడు వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా అక్కడ తుపాకి పట్టుకుంటే ఫెడరల్ చట్టం కింద నేరం. అందుకని సర్వీసంతా తుపాకులతో గడిపినవాణ్ణి, గీత వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇది పైకి చెప్తే మావాళ్ళు నవ్వుతారు గానీ, ఆ రోజు నాకు మేలే జరిగింది. పేల్చేవాడి కళ్ళు టార్గెట్ మీద ఉంటాయి. నా కళ్ళకి వేరే పని లేదు కాబట్టి ఖోకాలనే చూశాను.

మొదటి మ్యాగజైన్ తేలిక లోడు. ఖోకాలు బారెడు దూరం కూడా పోలేదు. ఒకటి మావాడి బూటు మీద, ఒకటి మణికట్టు మీద, నాలుగోది స్లైడ్ నోట్లో నిలువుగా. తర్వాత పెట్టెలోంచి తీసిన కంపెనీ తూటాలు వేశాడు. అవి ఆరడుగుల అవతల, పక్కాయన బెంచీ మీద టంగుటంగుమని పడ్డాయి. పిస్టల్ అదే, చెయ్యి అదే. ఖోకాని లాగే ఎక్స్‌ట్రాక్టర్, బయటికి విసిరే ఎజెక్టర్ బాగున్నట్టే కదా, వాటి తప్పయితే రెండు రకాలకీ వచ్చేది. తేలిక తూటా స్లైడ్‌ని చివరిదాకా తోయలేకపోతోందని అక్కడే తేలిపోయింది. నీ సంగతీ అదే కనిపిస్తోంది, కంపెనీ తూటాలు బాగా ఆడుతున్నాయన్నావు కాబట్టి.

చాలామంది ఈ స్ప్రింగు ఉన్నది తన్నుడు తగ్గించడానికే అనుకుంటారు. పేరు కూడా రికాయిల్ స్ప్రింగు అయ్యేసరికి ఆ భ్రమ ఇంకా గట్టిపడింది. దాని అసలు పని స్లైడ్‌ని మళ్ళీ ముందుకి తీసుకెళ్ళడం. పోతూ పోతూ మ్యాగజైన్‌లోంచి ఒక తూటాని ఊడదీసి, ర్యాంపు ఎక్కించి, ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే గదిలోకి తోసి, బారెల్‌ని పైకి లేపి తాళం వెయ్యాలి. ఇంత చాకిరీకి కావలసిన బలాన్ని స్లైడ్ వెనక్కి వచ్చేటప్పుడే దాచుకోవాలి. వెనక్కి రావడానికి ఊపు ఇచ్చేదేమో తూటా. బుల్లెట్ బారెల్ దాటి గ్యాసు పోయాక స్లైడ్‌ని వెనక్కి తోసేవాళ్ళు ఎవరూ లేరు. వచ్చిన ఊపుతోనే మిగతా దారంతా గడుపుకోవాలి. ఒకటో తారీకు జీతం లాంటిదది, నెల మధ్యలో అడిగినా ఎవడూ ఇవ్వడు.

ఇప్పుడు నీ జీతం ఎంతో చూద్దాం. పోటీల్లో వాడే పవర్ ఫ్యాక్టర్ లెక్కే తీసుకో, గ్రెయిన్లలో బుల్లెట్ బరువుని వేగంతో గుణించి వెయ్యితో భాగించడం. కంపెనీ తూటా 230 గ్రెయిన్లు, 830 అడుగులు. అంటే 191. నీది 200 గ్రెయిన్లు, 690 అడుగులు, అంటే 138. నూటికి 28 తగ్గింది, అంతేగా అనిపిస్తుంది. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. పవర్ ఫ్యాక్టర్ చెప్పేది ఊపుని, ద్రవ్యవేగాన్ని. స్లైడ్ వేగం ఆ పాళ్ళలో తగ్గుతుంది, నిజమే. కానీ స్ప్రింగుని నొక్కేది వేగం కాదు, శక్తి. శక్తి వేగం వర్గం పాళ్ళలో మారుతుంది. 138ని 191తో భాగిస్తే 0.72, దాన్ని దాంతోనే గుణిస్తే 0.52. నీ స్లైడ్ చేతికి వచ్చేది కంపెనీ తూటా ఇచ్చేదాంట్లో సగం, పైన చిల్లర. నాకొచ్చే పింఛను కూడా ఆఖరి జీతంలో సగమే, అందుకని ఈ లెక్క నాకు వెంటనే ఒంటబట్టింది.

జీతం సగమైనా ఖర్చులు సగం కావు. స్లైడ్ వెనక్కి వస్తూ హ్యామర్‌ని (తూటాని పేల్చే సుత్తిని) వంచాలి, హ్యామర్ వెనక మెయిన్ స్ప్రింగు ఎదురు తంతుంది. మ్యాగజైన్‌లో పై తూటా స్లైడ్ కడుపుకి రాసుకుంటూ ఉంటుంది, నిండు మ్యాగజైన్‌లో ఆ రాపిడి ఎక్కువ. ఖోకాని ఛాంబర్‌లోంచి లాగాలి. పట్టాల మీద ఒరిపిడి ఎలాగూ ఉంటుంది. ఇవేవీ తేలిక తూటా అని కనికరించవు. అన్నీ పోగా మిగిలింది రికాయిల్ స్ప్రింగుకి. నువ్వు సులువుగా తగ్గించుకోగలిగిన ఖర్చు అదొక్కటే. 14, 12 అంటున్నది అందుకే.

ఈ 16, 14 అనే అంకెలు స్ప్రింగుని పిస్టల్‌లో స్లైడ్ పూర్తిగా వెనక్కి ఉన్నప్పటి పొడవుకి నొక్కితే అది ఎన్ని పౌండ్లు తోస్తుందన్న లెక్క. 16 పౌండ్లంటే సుమారు ఏడుంబావు కిలోలు, 14 అంటే 6 కిలోల 350 గ్రాములు, 12 అంటే ఐదున్నరకి కాస్త తక్కువ, 10 అంటే నాలుగున్నర. పెట్టె మీద రాసిందాన్ని నమ్మలేకపోతే స్ప్రింగుని ఒక కర్రపుల్లకి తొడిగి, వంటింటి డిజిటల్ కాటా మీద నిలబెట్టి, గుర్తు పెట్టుకున్న పొడవు దాకా నొక్కి చూడు. కళ్ళద్దాలు పెట్టుకుని చెయ్యి. వాడిన స్ప్రింగు, కొత్త స్ప్రింగు రెండూ ఇలా తూస్తే పాతది ఎంత నీరుగారిందో కళ్ళకి కడుతుంది. మీ ఇంటావిడ కాటా గురించి అడిగితే నా పేరు చెప్పకు.

సగటు 690 అన్నావు, అది నాకు చాలదు. తగ్గింది ఎంత దాకా తగ్గిందో చెప్పు. పది తూటాల్లో ఒకటి 655 చూపిస్తే దాని పవర్ ఫ్యాక్టర్ 131, స్లైడ్‌కి చేరే శక్తి నూటికి 47. ప్రతి మ్యాగజైన్‌లో ఆగేవి ఒకటో రెండో అంటున్నావు చూడు, అన్నీ ఎందుకు ఆగడం లేదంటే ఇందుకే అయ్యుండాలి. సగటు తూటా గట్టెక్కుతోంది, బలహీనమైనది మునుగుతోంది. స్ప్రింగుని సగటుకి కాకుండా ఆ బలహీనమైన తూటాకి సరిపెట్టాలి.

అది బలహీనం ఎందుకవుతుందో కూడా చూడు. .45 ఖోకా పెద్ద కడుపుది. నువ్వు వేసే తేలిక మందు అందులో అడుగున ఒక పొరలా ఉంటుంది, మిగతాదంతా ఖాళీ. పిస్టల్ కిందకి వంచి ఎత్తితే మందు బుల్లెట్ వైపు ఉంటుంది, పైకి ఎత్తి దించితే ప్రైమర్ (ఖోకా అడుగున మందుని అంటించే టోపీ) వైపు. మంట అంటుకునే తీరు మారి వేగం మారుతుంది. నీ దగ్గర క్రోనోగ్రాఫ్ ఉంది కాబట్టి ఇది స్వయంగా చూసుకోవచ్చు. ఐదు తూటాలు మూతి కిందకి వంచి, నెమ్మదిగా టార్గెట్ మీదకి తెచ్చి కాల్చు. ఇంకో ఐదు మూతి పైకి చూపించి, అలాగే నెమ్మదిగా దించి కాల్చు. పైకైనా కిందకైనా మూతి రేంజి దిశ దాటకూడదు. రెండు జట్ల మధ్య తేడా పెద్దగా ఉంటే స్ప్రింగు మార్చే ముందు మందు రకం మార్చడం గురించి ఆలోచించు, ఖోకాని ఇంకాస్త నింపే మందు ఏదైనా మాన్యువల్లో ఉందేమో చూడు. ఎన్ని గ్రెయిన్లు వెయ్యాలో నేను మాత్రం రాయను. అది నీ మందు డబ్బా కంపెనీ, బుల్లెట్ కంపెనీ అచ్చేసిన పట్టికలోంచే తీసుకోవాలి, ఎవరో రాసిన ముక్కలోంచి కాదు. నాకూ అది వర్తిస్తుంది.

గ్రెయిన్ అన్న మాట నీ వయసువాళ్ళకి కొత్తగా ఉంటుంది గానీ మన బంగారం కొట్లకి కాదు. బ్రిటిష్‌వాళ్ళు 1833లో ఖాయం చేసిన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. నీ బుల్లెట్ తులం మీద తొమ్మిదో వంతు ఎక్కువ, కంపెనీ బుల్లెట్ తులంపావు దాటుతుంది. 4 గ్రెయిన్ల మందు అంటే తూకంలో రెండు గురివింద గింజలు. మా అమ్మమ్మ కాలంలో కంసాలి గురివింద గింజలు వేసి తూచేవాడు, అర గింజ తేడా వస్తే ఆవిడ కొట్లోంచి కదిలేది కాదు. నీ కాటా ముందు అంత పట్టుదలగా కూర్చో. రెండు గింజలెత్తు మందు ఆ పెద్ద ఖోకాలో అడుగున కూడా సరిగా కనిపించదు. రెండోసారి పొరపాటున పోసినా పైకి పొంగదు, బుల్లెట్ హాయిగా కూర్చుంటుంది. తేలిక లోడుతో ప్రాణం మీదకి వచ్చేది స్ప్రింగు వల్ల కాదు, ఈ రెట్టింపు మందు వల్ల. బుల్లెట్ పెట్టే ముందు ప్రతి ఖోకాలోకి లైటు వేసి తొంగి చూడు. అసలు మందే పడకపోతే ఇంకో గండం, ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్ బారెల్‌లో ఇరుక్కుంటుంది. ఢాం అనాల్సింది టప్ అంటే ఆగిపో. ట్రిగ్గర్ మీంచి వేలు తీసి, పిస్టల్ ఖాళీ చేసి, విప్పి, బారెల్‌లోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూశాకే తర్వాతి తూటా. ఆ బుల్లెట్ వెనక ఇంకోటి పేలిస్తే బారెల్ ఉబ్బడమో పగలడమో ఖాయం.

స్ప్రింగుకి వద్దాం. తేలిక తూటాకి తేలిక స్ప్రింగు అయితే ఏకంగా 8 ఎందుకు వెయ్యకూడదని అడుగుతావు, మా అల్లుడూ అడిగాడు. ఒక మధ్యాహ్నం వేసి కూడా చూశాడు. ఖోకాలు దర్జాగా ఎగిరాయి, స్లైడ్ ప్రతిసారీ వెనక నిలిచింది. మావాడు నా వంక చూసి మీసం తిప్పాడు. రెండో మ్యాగజైన్ నిండుగా పెట్టి స్లైడ్ వదిలేసరికి మొదటి తూటానే సగం దూరి ఆగిపోయింది. స్లైడ్ మూసుకోవడానికి ఇంకా ఒక వీసమంత ఉంది. బొటనవేలితో తోస్తే గాని మూసుకోలేదు. కొత్త మ్యాగజైన్ స్ప్రింగు, నిండు ఏడు తూటాల ఒత్తిడి, సీసం బుల్లెట్ భుజానికి అంటిన జిడ్డు, ఇన్నిటినీ దాటడానికి 8 పౌండ్ల స్ప్రింగు దగ్గర సరుకు లేదు. సీసం మసి పేరుకున్న కొద్దీ ఇంకా కష్టం. 10 కిందకి వద్దన్నది అందుకే. స్లైడ్‌ని పూర్తిగా వెనక్కి రానిచ్చే స్ప్రింగుల్లో అన్నిటికన్నా గట్టిది ఏదో అదే నీ స్ప్రింగు. 14తో పని జరిగితే 12 జోలికే వెళ్ళకు.

ఇక ఆ కత్తిరింపు. మీ స్నేహితుడి వాదన వినడానికి బాగానే ఉంటుంది, చుట్లు తగ్గితే బలం తగ్గుతుంది కదా అని. లెక్క వేసి చూద్దాం. 30 చుట్ల స్ప్రింగు, విడిగా ఆరున్నర అంగుళాలు, స్లైడ్ మూసి ఉన్నప్పుడు 3.7 అంగుళాలు, తెరిచి ఉన్నప్పుడు 1.6 అనుకో. రెండు చుట్లు పోతే పొడవు తగ్గుతుంది గానీ మిగిలిన చుట్లు తక్కువ కాబట్టి అంగుళానికి అది ఇంకా బిర్రుగా తయారవుతుంది. స్లైడ్ తెరిచి ఉన్న చోట బలం నూటికి రెండున్నర లోపే తగ్గుతుంది. స్లైడ్ మూసుకునే చోటనో, తొమ్మిదిన్నర దాకా పడిపోతుంది. నీకు తగ్గాల్సింది వెనక, తగ్గకూడనిది ముందు. కత్తిరింపు సరిగ్గా దానికి తలకిందులు. పైగా కొత్త స్ప్రింగు రెండు కాఫీల ఖర్చు, కత్తిరించింది మళ్ళీ అతకదు.

బొబ్బిలి వీణ చేసే గొల్లపల్లి వైపు నాకు తెలిసినవాళ్ళున్నారు, పనస మొద్దులో ఏకాండంగా తొలుస్తారు. తీగ శ్రుతి చేసేటప్పుడు ఒకసారి తిప్పి, మీటి, మళ్ళీ అర తిప్పు. అదే ఓపిక ఇక్కడా కావాలి. ఒకేసారి 16 నుంచి 10కి దూకకు.

పరీక్ష ఇలా చెయ్యి. నీ వెనకా, కుడి వైపూ ఒక బరకం పరిచెయ్యి, అదే, కళ్ళంలో ధాన్యం మీద కప్పే లాంటిది. రేంజివాళ్ళు ఒప్పుకోవాలి. ముందు 14. మ్యాగజైన్‌లో ఒక్క తూటా మాత్రమే పెట్టి కాల్చు, స్లైడ్ వెనక నిలవాలి. ఇలా పది సార్లు. పదికి పది నిలిస్తే స్లైడ్ చివరిదాకా వస్తున్నట్టు. పదికి ఏడో ఎనిమిదో అయితే 12కి మారు. ఖోకాలు కుప్పగా ఎక్కడ పడుతున్నాయో చూడు, నాలుగు నుంచి ఆరడుగుల దూరంలో పడితే నాకు సంతోషం. కాళ్ళ దగ్గర పడితే ఇంకా బరువుగా ఉంది, పది పన్నెండు అడుగులు ఎగిరితే మరీ తేలిక. తర్వాత నిండు మ్యాగజైన్, మొదటి తూటా మీద స్లైడ్ దానంతట అదే పూర్తిగా మూసుకోవాలి. ఆఖరున ఎడమ చేత్తో, కాస్త వదులుగా పట్టుకుని ఒక మ్యాగజైన్. మణికట్టు వదులైతే పిస్టల్ మొత్తం స్లైడ్‌తో పాటు వెనక్కి వచ్చేస్తుంది, స్లైడ్‌కి ఆనుకునే ఆసరా పోతుంది. తేలిక లోడుకి ఈ తేడా బాగా పట్టుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో చేతులు అలిసిపోయాక కూడా ఆడితేనే ఆ స్ప్రింగు నీది.

పరీక్షకి ముందు ఒక చిన్న పని. పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, విప్పి, బారెల్ చేత్తో పట్టుకుని నువ్వు కట్టిన తూటాలు ఒక్కొక్కటీ ఛాంబర్‌లో వదులు. టక్కున పడాలి, తిప్పితే తిరగాలి, బోర్లిస్తే జారిపోవాలి. పడకపోతే క్రింపు (ఖోకా అంచుని బుల్లెట్ మీదకి నొక్కడం) చాల్లేదో, బుల్లెట్ భుజం ఎక్కువ బయటికి ఉందో. ఖోకా అంచు దగ్గర అడ్డుకొలత 0.471 అంగుళం వస్తే మంచిది. గట్టి స్ప్రింగు ఇలాంటి తప్పుల్ని గుద్ది లోపలికి తోసేస్తుంది, తేలిక స్ప్రింగు బయటపెడుతుంది. అప్పుడు జనం స్ప్రింగుని తిడతారు.

స్లైడ్ మీద రెడ్ డాట్, అంటే గురి చూసే ఎర్ర చుక్క అద్దం బిగించావా? రాయలేదు. బిగిస్తే స్లైడ్ బరువు పెరుగుతుంది. ఊపు అంతే ఉండి బరువు పెరిగితే వేగం తగ్గుతుంది, అప్పుడు 12 కాస్తా 10 కావచ్చు. స్ప్రింగు గైడు మీద ఆ ప్లాస్టిక్ బఫర్ ముక్క ఉంటే తీసెయ్యి, అది స్లైడ్ నడకలోంచే కొంత తినేస్తుంది, స్లైడ్ నిలవకపోవడానికి అదొక్కటే చాలు. హ్యామర్ వెనక మెయిన్ స్ప్రింగు 23 పౌండ్లది, దాన్ని 19కి మార్చే వాళ్ళున్నారు. దానివల్ల వెనక్కి దారి సులువవుతుంది గానీ ప్రైమర్ మీద దెబ్బ కూడా తగ్గుతుంది. నేనైతే దాన్ని ఆఖరికి ఉంచుకుంటాను.

నీ స్నేహితుడిది గ్లాక్ అన్నావు. ఈ అంకెలు వాడికి చెప్పకు. ఆ పిస్టల్‌లో హ్యామర్‌కి బదులు ఉండే స్ట్రైకర్ తాలూకు స్ప్రింగు స్లైడ్‌ని వెనక్కి లాగుతూ ఉంటుంది, రికాయిల్ స్ప్రింగు మరీ తేలికైతే అది గెలిచి స్లైడ్‌ని తాళంలోంచి ఊడదీస్తుంది. వాడు చేసుకోవాల్సిన పరీక్ష ఇది. పిస్టల్ పూర్తిగా ఖాళీ చేసి, క్షేమమైన వైపు మూతి పైకి ఎత్తి, ట్రిగ్గర్ నొక్కి అలాగే పట్టుకుని, స్లైడ్‌ని వెనక్కి లాగి మెల్లగా వదలాలి. పూర్తిగా మూసుకోకుండా ఎక్కడైనా వేలాడితే ఆ స్ప్రింగు పనికిరాదు.

12 ఖాయం చేసుకున్నాక, కంపెనీ తూటాలు పేల్చే రోజు 16 తిరిగి వెయ్యడం మరచిపోకు. ఇదే నా భయం అంతా. తేలిక స్ప్రింగు మీద పూర్తి లోడు పేలిస్తే స్లైడ్ మిగిలిన ఊపంతా తీసుకెళ్ళి ఫ్రేముకి కొడుతుంది. ఒక పూటకి ఏమీ కాదు, వందల తూటాలు అలా పోతే ఫ్రేము బాధ పడుతుంది. మా అల్లుడి దగ్గర నేను చేసిన ఏర్పాటు ఇది: మా అమ్మాయి గోళ్ళ రంగు తీసుకుని 12 స్ప్రింగు చివరి చుట్టుకి ఎర్ర చుక్క, 14కి నీలం, 16కి ఏమీ లేదు. తేలిక తూటాల డబ్బా మూత మీదా అదే ఎర్ర చుక్క. రెండు ఎర్రలూ కలిస్తేనే పేల్చాలి. కొత్త స్ప్రింగు పెట్టెలో చిన్న ఫైరింగ్ పిన్ స్ప్రింగు కూడా వస్తే పారెయ్యకు, అదీ మార్చు, పాతదైతే మరీనూ.

మార్చేటప్పుడు మూతి ముందున్న ప్లగ్గుని బొటనవేలితో గట్టిగా అదిమి పట్టు. ట్రైనింగ్‌లో మా బ్యాచిలో ఒక బీహారీ కుర్రాడు విప్పుతూ ఒక్క క్షణం వేలు జార్చాడు. ప్లగ్గు ఎగిరి పైకప్పుకి తగిలి సూటిగా ఉస్తాద్ టీ గ్లాసులో పడింది. ఉస్తాద్ గ్లాసులోంచి ప్లగ్గు తీసి, తుడిచి, వాడి చేతిలో పెట్టి, ఆ మిగిలిన టీ వాడి చేతే తాగించాడు. నవ్వులాటకి అది బాగుంది గానీ కంటికి తగిలితే బాగుండదు.

సీసం బుల్లెట్ల పని అయ్యాక చల్లటి నీళ్ళతో సబ్బు వేసి చేతులు కడుక్కో. ప్రెస్సు ఉన్న గదిలో తినొద్దు. చిన్నపిల్లలుంటే ఆ డబ్బాలకి తాళం పడాలి.

ఒక మాట, శ్రీకాకుళం నుంచి ఇంకో కుర్రాడు ఇదంతా మన ఊళ్ళో చెయ్యొచ్చా అని అడిగాడు. కూడదు. మన దగ్గర తూటా తయారు చెయ్యడానికి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి, ఇంట్లో సరదాకి కట్టుకునే వ్యవహారం కాదు. నేను రాసిందంతా అక్కడ చట్టం ఒప్పుకునే చోట ఉన్న నీకే.

నీ స్టీలు ప్లేట్ల ఆటకి పవర్ ఫ్యాక్టర్ కనీస హద్దు లేదన్నావు కాబట్టి 138 తో ఇబ్బంది లేదు. ఎప్పుడైనా యూఎస్‌పీఎస్‌ఏ (అక్కడి పిస్టల్ పోటీల సంఘం) వాళ్ళ మైనర్ అనే తక్కువ పవర్ తరగతిలో దిగితే అక్కడ 125 దాటాలి, అదీ దాటుతున్నావు. లోడు ఇంకా తగ్గించాలని మాత్రం చూడకు, ఇప్పటికే సగం పింఛను.

ముందు 14 వేసి, ఒక్క తూటా పరీక్ష పదికి ఎన్ని వచ్చిందో, అందరికన్నా నెమ్మదైన తూటా వేగం ఎంతో, ఖోకాలు బరకం మీద ఎక్కడ పోగు పడ్డాయో ఫోటోతో సహా రాయి. అది చూసి 12కి దిగాలో వద్దో చెప్తాను.